ఊడ్చిన ఇప్పచెట్టు

"అవ్వే చూపెట్టింది" అని ఆ రోజు పొద్దున నేను పెద్దమనుషుల ముందు అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ చెట్టును నాకు చూపించింది అవ్వే. అయితే చూపించినప్పుడు ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రెండో మాటను నేను మింగేశాను. నోరు విప్పి ఆ ఒక్క వాక్యం పూర్తి చేసి ఉంటే ఒక ముసలామె అడవిలోకి ఒంటరిగా పోవాల్సిన పని ఉండేది కాదు.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో నేను ములకలపల్లి దగ్గర ఒక కోయగూడెంలో ఉండేవాణ్ణి. మండల కేంద్రంలో డీటీపీ సెంటర్లో పని. దరఖాస్తులు, పెళ్ళికార్డులు, సంతాప కరపత్రాలు టైపు చేసి సాయంత్రానికి సైకిలు మీద గూడెం చేరేవాణ్ణి. బదిలీ అయిపోయిన ఒక పంతులు ఖాళీ చేసిన గది నాకు కిరాయికి దొరికింది. ఆ ఇల్లు గల ఆమెనే నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. అరవై దాటి ఉంటాయి. ఇంట్లో కోయ మాట్లాడేది, నాతో తెలుగు మాట్లాడేది, కోపం వస్తే రెండూ కలిపేది. చూపు మందగించింది గాని చెవులు మాత్రం పాము చెవులు.

గదిలో నాకొక కంప్యూటర్ ఉండేది. ఖమ్మంలో విడిభాగాలు కొనుక్కొచ్చి నేనే బిగించుకున్నాను. కరెంటు ఉన్నంతసేపు దాని ముందు కూర్చుని ఆటలు తయారుచేసేవాణ్ణి. కాల్చుకోవడాలు, కారు పందేలు లేని చిన్న చిన్న ఆటలు. ఒకదాంట్లో గోదావరి వరద ఇంట్లోకి వస్తుంటే సామాన్లు ఒక్కొక్కటే అటక మీదికి చేర్చాలి. అన్నీ చేర్చడం ఎవరి తరమూ కాదు, ఏది వదిలేస్తారన్నదే ఆట. ఇంకోదాంట్లో బూర్గంపాడు రోడ్డు మీద బస్సు కోసం నిలబడాలి. మౌసు కదిపినంతసేపు బస్సు రాదు. విసుగొచ్చి చెయ్యి తీసేస్తే వస్తుంది. బొమ్మలు, శబ్దాలు, ప్రోగ్రాము అన్నీ నేనే. పూర్తయ్యాక సీడీలో ఎక్కించుకుని నెట్ సెంటరుకు పోయి ఇలాంటి ఆటలు పెట్టుకునే ఒక సైటులో పెట్టేవాణ్ణి. ఏ దేశం మనిషో రెండు వాక్యాలు రాస్తే వారం పాటు ఆ రెండు వాక్యాల మీద బతికేవాణ్ణి.

అవ్వ ఒకసారి గుమ్మంలో నిలబడి ఆ వరద ఆట చూసింది.

"ఏంది సారూ, గా డబ్బాల నీళ్ళొస్తే గిన్నెలు పైకెక్కిస్తున్నవ్. నీ గదిల మూలకు కారుతున్నది. ఆడ బకీటు పెడ్తలేవేంది?"

నిజమే, మూలన కారుతోంది. నేను చూసుకోలేదు.

నేను అక్కడున్న మొదటి ఎండాకాలంలోనే ఇప్పపువ్వు ఆట ఆలోచన వచ్చింది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఇంకా వెలుగు సరిగా రాకముందే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వాగు దాటి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. అవ్వ చెట్టు కింద వంగి ఏరుతూ ఉన్నట్టుండి ఆగి, తల పక్కకు వంచి, రెండడుగులు ఎడమకు వేసి చెయ్యి చాచింది. అక్కడ పువ్వు ఉంది.

"కనిపించిందా అవ్వా?"

"నా కండ్లకు యాడ కనిపిస్తది సారూ. ఇనవడ్డది."

గదికి వచ్చి ఆ రోజే మొదలుపెట్టాను. తెర మొత్తం చీకటి. హెడ్‌ఫోన్లలో కుడివైపో ఎడమవైపో పువ్వు రాలిన చప్పుడు. దాన్ని బట్టి గంపను జరపాలి. మార్కులు లేవు, గెలుపు లేదు. వెలుగు వచ్చేసరికి గంపలో ఎన్ని పూలుంటే అన్ని. నేను చేసిన ఆటల్లో ఇదే మంచిదవుతుందని నాకు గట్టిగా అనిపించింది. చిన్న రికార్డరు ఒకటి సంపాదించి అవ్వ చెట్ల కింద పెట్టాను. ఆడవాళ్ళ నవ్వులు, మేకల గంటలు, అవ్వ దగ్గు అన్నీ వచ్చాయి. పువ్వు చప్పుడు మాత్రం వాటి కిందెక్కడో పడిపోయింది. నాకు ఒక్క చెట్టు కావాలి, చుట్టూ మనుషులు లేకుండా.

అలాంటి చెట్టు ఒకటి ఉంది. గూడేనికి ఇవతల, చేను గట్టు మీద ఒంటరిగా. అవ్వే చూపించింది.

"పువ్వు సూడాలంటె గా చెట్టు సూడాలె సారూ. ముత్యాల లెక్క రాలుస్తది. అది మా యారాలిది. జరం బట్టి భద్రాచలం దవాఖానల పడ్డది పాపం. వచ్చినంక ఊడ్సుకుంటది. అందాక అటు ఎవ్వరం పోము."

యారాలంటే అవ్వ మరిది భార్య. ఇద్దరూ ఆ గూడేనికి కోడళ్ళుగా వచ్చినప్పటి నుంచీ పువ్వుకు కలిసే పోతారు. అందుకు స్నేహం ఒక్కటే కారణం కాదు. ఇప్పపువ్వు ఎలుగుబంటికీ ఇష్టమే. ఇద్దరు మాట్లాడుకుంటూ పోతే మాటలు విని అది పక్కకు తప్పుకుంటుంది. ఒక్కరే మౌనంగా పోతే ఎదురెదురు పడేదాకా దానికీ తెలియదు, మనిషికీ తెలియదు. అవ్వ ఇది నాకు చాలాసార్లు చెప్పింది, యారాలికి తిట్లు జోడించి. "దాని నోటికి గుడ్డెలుగే కాదు, పులి గూడ పారిపోతది."

ఊడ్చుకోవడం గురించి కూడా అవ్వే చెప్పింది. పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్ళు ఎండుటాకు కాల్చి, నేల ఊడ్చి శుభ్రం చేసుకుంటారు. పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉండటం ఒకటైతే, ఇది మా చెట్టు అని చెప్పుకోవడం ఇంకొకటి. ఆ చెట్లకు కాగితాలు లేవు. ఊడ్చిన నేలే కాగితం. ఒకరు ఊడ్చిన చోట ఇంకొకరు వంగి ఒక్క పువ్వు కూడా ఎత్తరు. ఇదంతా నేను నోటుబుక్కులో రాసుకున్నాను, ఆటలో పనికొస్తుందని.

రాసుకున్నవాణ్ణే, ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి ఆ చెట్టు కింద ఊడ్చాను.

ఎందుకంటే ఆకు మీద పడిన పువ్వు చప్పుడు చెయ్యదు. రెండుసార్లు పొద్దున్నే వెళ్ళి రికార్డు చేసి చూశాను. ఎండుటాకు మెత్తగా మింగేస్తోంది. నాకు గట్టి నేల మీద పువ్వు పడిన ఆ చిన్న టప్పు కావాలి. అవ్వ పెరట్లో ఉన్న చీపురు తీసుకెళ్ళాను. ఎర్రగుడ్డ పీలికతో కట్టిన చీపురు అది. ఆకునంతా పక్కనున్న గుంతలోకి తోశాను. కాల్చలేదు. పొగ లేస్తే ఎవరైనా చూస్తారని కాల్చలేదు. తెలియక చేశానని తర్వాత నాకు నేను చెప్పుకోబోయిన ప్రతిసారీ ఆ కాల్చకపోవడం గుర్తొచ్చేది. తెలుసు నాకు.

ఒంటరిగా ఆటలు చేసేవాడికి ఒక పాడు అలవాటు పట్టుకుంటుంది. తెర మీద చెట్టు పెట్టేదీ నేనే, తీసేసేదీ నేనే. అడగాల్సిన మనిషి ఉండడు. బాగోలేకపోతే ఒక మీట నొక్కితే చేసిన పని చెయ్యనట్టయిపోతుంది. అలా కొన్నేళ్ళు కూర్చున్నవాడు బయటికొచ్చి నిజం చెట్టు ముందు నిలబడ్డా అదే చేతివాటం.

మర్నాడు తెల్లవారుజామున నలభై నిమిషాలు రికార్డు చేశాను. అంత మంచి శబ్దం నాకు ముందెప్పుడూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు. ఆ సంబరంలో చీపురు అక్కడే మరిచిపోయి వచ్చాను.

యారాలి కొడుకు అదే రోజు చూశాడు. ఎర్రపీలిక చీపురు ఎవరిదో గూడెంలో అందరికీ తెలుసు. మంగళవారం పొద్దున గూడెం పెద్ద ఇంటి ముందు పందిరి కింద పదిమంది కూర్చున్నారు. అవ్వను పిలిచారు, నన్నూ పిలిచారు. యారాలి కొడుకు నా వయసువాడే. చీపురును మధ్యలో పడేశాడు.

"మా అమ్మ దవాఖానల పడ్డదని చెట్టు ఊడ్సుకుంటివా పెద్దమ్మా? రాదనుకున్నవా ఇగ?"

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. "నేనెందుకు ఊడ్సుతరా? పొరక నాదే. గాడికెట్ల పోయింది?"

అప్పుడు నేను లేచాను. అంతవరకు మంచిదే. "ఊడ్చింది నేను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. కెమెరానో రికార్డరునో పట్టుకుని అడవి అంచున తిరిగేవాణ్ణి పోలీసులూ, అన్నలూ, ఊళ్ళవాళ్ళూ అందరూ అనుమానంగా చూసే రోజులవి. ఏం రికార్డు చేశావు, ఎవరి కోసం అని అడుగుతారని భయపడ్డాను. రికార్డరు అడుగుతారేమో, ఆ నలభై నిమిషాలు పోతాయేమో అని కూడా. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ భయమే పెద్దది.

పెద్దమనిషి నెమ్మదిగానే అడిగాడు. "సారూ, నువ్వు పై ఊరి నుంచి వచ్చినోనివి. ఇన్ని చెట్లుండంగ గా చెట్టే ఊడ్వాల్నని నీకెట్ల తెలిసింది?"

"అవ్వే చూపెట్టింది."

చూపెట్టి, అది యారాలిదని చెప్పింది. ఎవ్వరం అటు పోము అంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. చెప్తే, తెలిసే ఊడ్చావా అని అడుగుతారు. ఆగిపోయాను.

యారాలి కొడుకు భుజం మీది తువ్వాలు విసిరి కొట్టాడు. "ఇన్నరా! తనకు చెయ్యి రాక కిరాయోన్ని పంపింది."

అవ్వ నా ముఖం కేసి చూసింది. ఆ చూపు ఆనని కళ్ళకు నా ముఖం ఎంత కనిపించిందో నాకు తెలియదు. నేను ఇంకేమైనా అంటానని కాసేపు చూసినట్టుంది.

"అవ్. నేనే చూపెట్టిన" అంది. వంగి చీపురు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

శిక్ష లేదు, జరిమానా లేదు. యారాలి ఇంటివాళ్ళు అవ్వను పువ్వుకు పిలవరు, అంతే. వాళ్ళతో కలిసిపోయే తక్కిన ఆడవాళ్ళూ పిలవలేదు. బుధవారం తెల్లవారుజామున అవ్వ గంప, కర్ర పట్టుకుని ఒక్కతే బయలుదేరడం నా కిటికీలోంచి చూశాను. గబగబా చెప్పులేసుకుని వెంటపడ్డాను.

"నేనూ వస్తానవ్వా."

"ఎందుకు సారూ? నీకు పువ్వు పడ్డ సప్పుడే గావాలె. దొరికింది గదా. పోయి పండుకో."

తిట్టి ఉంటే బాగుండేది. నీళ్ళ కడవ నాకు ఎప్పటిలాగే నింపి పెట్టింది. మబ్బు పట్టిందని, కారే మూలన బకీటు కూడా ఆమే పెట్టిపోయింది.

శుక్రవారం పొద్దున అవ్వ వెళ్ళాక నేను ఆట నడిపి చూసుకుంటున్నాను. కొత్త శబ్దాలన్నీ ఎక్కించాను. చీకటి తెర, కుడివైపు టప్పు, ఎడమవైపు టప్పు. ఆటలో ఒక ఎలుగుబంటిని కూడా పెట్టాను. ఒకేచోట ఎక్కువసేపు కదలకుండా ఉంటే దాని గురక వినిపిస్తుంది. ఆ గురక నా గొంతుతోనే చేశాను. పువ్వు కోసం చెవి పెట్టి కూర్చుని నేను ఆ సంగతే మరిచిపోయాను. వెనకనుంచి గురక వచ్చింది. ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేశాను. నా గొంతు అని గుర్తొచ్చి నవ్వబోయాను. కిటికీ బయట ఇంకా మసకగానే ఉంది. అవ్వ అప్పటికి వాగు దాటి ఉంటుంది.

పరుగెత్తాను. వాగు దగ్గరికి వచ్చేసరికి అవతల చెట్లలోంచి ఇద్దరు ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. అమ్మయ్య, యారాలు వచ్చిందనుకున్నాను. ఇంకొంచెం దగ్గరికి పోతే అవ్వ ఒక్కతే ఉంది. వంగి పువ్వు ఏరుతూ తన గొంతుతో ఏదో అడుగుతోంది. గొంతు సన్నగా చేసి యారాలిలాగా జవాబు చెప్తోంది. కోయలో మాట్లాడుతోంది కాబట్టి మాటలు సగమే తెలిశాయి. యారాలి వంతు వచ్చినప్పుడల్లా తిట్లున్నాయి. ఆ తిట్లకు అవ్వ తనే నవ్వుతోంది, మళ్ళీ తనే చుట్టూ చూస్తోంది.

నేను చెట్టు చాటునే ఉండి, ఆమె గంప ఎత్తుకునేదాకా ఆగి, కనబడకుండా వెనక్కి వచ్చాను. తిన్నగా పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. వేపపుల్ల నములుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. చెట్టు ఎవరిదో అవ్వ చెప్పిందని, తెలిసీ ఊడ్చానని, చీపురు అడక్కుండా తీసుకెళ్ళానని.

ఆయన పుల్ల పక్కకు పెట్టాడు. "గీ మాట నా ఒక్కనికి జెప్తే ఏం ఫాయిదా సారూ? ఆడ అందరి ముంగట అన్నవ్. ఆడ్నే అనాలె. యారాలు గూడ నిన్న ఇంటికొచ్చింది. రేపు పొద్దున కూసుందాం."

శనివారం పందిరి కింద మళ్ళీ వాళ్ళే కూర్చున్నారు. ఈసారి యారాలు కూడా ఉంది, దుప్పటి కప్పుకుని, జ్వరానికి సగమై. నేను నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పొగ లేస్తుందని ఆకు కాల్చలేదన్నది కూడా చెప్పాను. ఎవరూ మధ్యలో ఆపలేదు.

యారాలి కొడుకే ముందు మాట్లాడాడు. "సదువుకున్నోనివి. గంత చిన్న మాట చెప్పనీకి నాలుగొద్దులు వట్టిందా?"

"పట్టింది" అన్నాను.

"మంచిగ చెప్పినవ్ గాని" అంది యారాలు. "నువ్వు ఊడ్సిన నేల మీది పువ్వు నేను ముట్ట. నా చెట్టు నేను ఊడ్సుకోవాలె. ఆకు యాడ వడేసినవ్?"

"పక్క గుంతలోనే ఉందమ్మా."

"ఎత్తుకరా. యాడి ఆకు ఆడ పొయ్యి."

నలుగురు నవ్వారు. ఆమె నవ్వలేదు. అలాంటి పని అంతకుముందు ఎవరూ చేసినట్టు లేదు, చెయ్యమన్నవాళ్ళూ లేరు. నేను అవ్వ దగ్గరికి వెళ్ళి గంప ఇమ్మని అడిగాను. ఈసారి అడిగాను. ఇచ్చింది.

గుంతలో దిగి ఎండుటాకు గంపకెత్తి, మోసుకొచ్చి చెట్టు కింద పోశాను. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు, ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. గూడెం సగం గట్టు మీద కూర్చుని చూసింది. ఆకుల్లో ఉన్న ముళ్ళు చేతుల్లో దిగాయి. ఉన్నట్టుండి వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"గట్ల కుప్ప పొయ్యకు సారూ. చెట్టు రాల్సినట్టు సల్లు."

చల్లాను. ఇంకో గంపకు యారాలు లేచి వచ్చి, చాలంది. చెట్టు మొదలుకు తగలకుండా ఆకును దూరం లాగి, తన చేత్తో నిప్పు పెట్టింది. పొగ లేచింది, గూడెం అంతటికీ కనిపించేలా. ఆకు కాలి చల్లారాక తన చీపురుతో ఊడ్చింది. మధ్యలో మూడుసార్లు కూలబడింది. కొడుకు సాయం వస్తే తోసేసింది. అవ్వ ఆ ఊడ్చిన నేల అంచున నిలబడిందేగాని లోపలికి అడుగు పెట్టలేదు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

సాయంత్రం ఆ నలభై నిమిషాల రికార్డింగు చెరిపేశాను, రికార్డరులోంచీ కంప్యూటర్లోంచీ. తర్వాత ఆట పూర్తిచేశాను గాని చీకట్లో ఒక మూలన ఎంతసేపు నిలబడ్డా పువ్వు చప్పుడు రాదు. అక్కడ శబ్దం పెట్టడం మరిచిపోయావా అని ఎవరో రాశారు. ఆ చెట్టు నాది కాదని జవాబు రాశాను. ఆయనకు ఏం అర్థమైందో!

ఆదివారం తెల్లవారుజామున తలుపు చప్పుడుకు లేచి చూస్తే, యారాలు మా వాకిట్లో గంపతో నిలబడి ఉంది. పిలవలేదు. నిలబడింది. అవ్వ కూడా గంప, కర్ర తీసుకుని బయలుదేరింది. ముందు యారాలు, పది అడుగులు వెనక అవ్వ. ఇద్దరి నోళ్ళూ మూసుకునే ఉన్నాయి. ఎలుగుబంటికి వీళ్ళు వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?

నేను అన్నం తినే స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుని వాళ్ళ వెనక దూరంగా నడిచాను, మోగించుకుంటూ. వాళ్ళు వెనక్కి తిరిగి చూసి మళ్ళీ నడిచారు. పువ్వు ఏరినంతసేపు వాగు ఒడ్డున నిలబడి మోగించాను. సోమవారమూ అంతే. డీటీపీ సెంటరుకు ఆలస్యంగా పోయి మాట పడ్డాను. మంగళవారం వాగు దిగుతుంటే యారాలు దేనికో కోయలో తిట్టడం మొదలుపెట్టింది. అవ్వ ఎదురు తిట్టింది. పువ్వు దాదాపు అయిపోవచ్చింది, ఆ ఏడు ఇద్దరి గంపలూ నిండలేదు. ఆ తిట్లు ఆ ఏరని పువ్వు గురించే అయి ఉంటాయి.

అవ్వ వాగు మధ్యలో ఆగి నా వైపు తిరిగింది. "ఇగ సాలు సారూ. దీని నోరు లేసింది. నువ్వు పో."

ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఆ గదిలోనే ఉన్నాను. అవ్వ నాతో మాట్లాడేది, నవ్వేది, నా ఆటల్ని వెక్కిరించేది. చెట్టు మాత్రం ఇంకెప్పుడూ ఒక్కటి కూడా చూపించలేదు. నేనూ అడగలేదు.

ఆ మంగళవారం ఆమె పొమ్మన్నా నేను వెంటనే పోలేదు. పళ్ళెం మోగించడం మాత్రం ఆపి, వాళ్ళ మాటలు చెట్లలోకి వెళ్ళి వినిపించకుండా పోయేదాకా వాగు ఇవతలే నిలబడ్డాను.